ట్రోగిర్ వెళ్లాలనుకుంటే: అడ్రియాటిక్ తీరపు మరీనా ఊళ్లో నాలుగు రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి

క్రొయేషియా వెళ్తున్నామనగానే చాలామంది స్ప్లిట్‌లో రెండు రాత్రులు, దుబ్రోవ్నిక్‌లో రెండు రాత్రులు బుక్ చేసేస్తారు, ఆ తర్వాత మొదలవుతాయి ప్రశ్నలు. స్ప్లిట్ పక్కనే ఉన్న ట్రోగిర్‌కి ఒక పూట సరిపోతుందా? వీసాకి ఏం కావాలి? మనం తినేవి దొరుకుతాయా? పడవ మనమే నడుపుకోవచ్చా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

మొదటి ప్రశ్నకి ఇక్కడే జవాబు: ఒక పూట సరిపోదు. పగలు పదకొండు నుంచి నాలుగింటి దాకా టూర్ బస్సుల్లో దిగిన జనంతో సందులన్నీ నిండిపోతాయి. ఊరు ఊరిలా కనిపించేది పొద్దున ఎనిమిదిలోపు, మళ్లీ సాయంత్రం ఆరు దాటాక. అందుకని బస ట్రోగిర్‌లో పెట్టుకుని, స్ప్లిట్‌నే ఒక పూటలో చూసి రండి. దాదాపు అందరూ దీనికి తిరగేసి చేస్తారు.

ఊరి స్వరూపం రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే కింద రాసినవి అర్థం కావు. ప్రధాన భూభాగానికీ చియోవో అనే పెద్ద దీవికీ మధ్య ఇరుక్కున్న చిన్న దీవి మీద ఉంది పాత ఊరు. ఇటు ఒక వంతెన, అటు ఒక వంతెన. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పది నిమిషాలు. దక్షిణం వైపు నీటి అంచున రీవా అని పిలిచే నడక దారి ఉంటుంది, దాన్ని ఆనుకునే పెద్ద పెద్ద యాట్‌లు, అంటే విహార పడవలు, కడతారు. ఎదురుగా చియోవో ఒడ్డున ఏసీఐ అనే కంపెనీ మరీనా, అంటే విహార పడవలు కట్టి ఉంచే రేవు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో విస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు కట్టుకున్న ఊరిది, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చరిత్ర ఇంతటితో ఆపుతాను.

దగ్గర ఉండాల్సినవి

- షెంజెన్ వీసా ఉన్న పాస్‌పోర్ట్. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. జర్మనీలాంటి షెంజెన్ దేశంలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, పర్మిట్ రెండూ వెంట ఉంటే చాలు.
- కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్.
- విదేశీ వాడకం ఆన్ చేసిన కార్డులు రెండు, చిల్లర ఖర్చులకి కొంచెం యూరోలు.
- నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు. ఇవి మర్చిపోవద్దు, కారణం కింద చెప్తాను.
- రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ అడాప్టర్. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు.
- పడవలో తిరిగితే వాంతులయ్యే మనిషైతే దానికి తగ్గ మాత్రలు, డాక్టర్‌ని అడిగి.

1. తేదీలు ఎంచుకోండి, శనివారాన్ని తప్పించండి

మే చివర నుంచి జూన్ నెలాఖరు వరకు, లేదా సెప్టెంబర్ అంతా. ఇవే మంచి రోజులు. సముద్రం బాగా వెచ్చగా ఉండాలంటే సెప్టెంబరే మేలు, ఎందుకంటే వేసవంతా వేడెక్కిన నీళ్లు అంత తొందరగా చల్లబడవు. జూలై సగం నుంచి ఆగస్టు ఇరవై దాకా యూరప్ సెలవులు, గదుల ధరలూ వంతెనల మీద ట్రాఫిక్కూ రెండూ భరించడం కష్టం. 2018లో చియోవోకి కొత్త వంతెన వచ్చాక కొంచెం నయమే కానీ రద్దీ పూర్తిగా పోలేదు.

శనివారం సంగతేమిటంటే, ఈ తీరంలో పడవలు వారానికి అద్దెకిస్తారు, శనివారం నుంచి శనివారం దాకా. చాలా అపార్ట్‌మెంట్లూ అంతే. కాబట్టి ఆ ఒక్క రోజు పాత బ్యాచ్ దిగిపోతుంది, కొత్త బ్యాచ్ వచ్చిపడుతుంది. ఫ్లైట్లు ఖరీదు, ఎయిర్‌పోర్టులో క్యూ, రోడ్డు జామ్. పడవ అద్దెకి తీసుకోని వాళ్లు సోమవారం దిగి శుక్రవారం బయల్దేరేలా చూసుకోండి, ఎంతో ప్రశాంతంగా ఉంటుంది.

నవంబర్ నుంచి మార్చి వరకు టికెట్ చవగ్గా దొరికిందని వెళ్లొద్దు. హోటళ్లు సగం మూసేస్తారు, దీవుల టూర్లు దాదాపు ఉండవు.

2. వీసా: ఎంట్రీల సంఖ్య చూసుకోండి

క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరింది, అదే రోజు యూరో కూడా వచ్చింది. కూనా అనే పాత డబ్బు ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, చెల్లదు. వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ఇటలీ అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని ఇటలీ పేరుతో తీసుకుని నేరుగా క్రొయేషియా వెళ్లిపోకండి, సరిహద్దులో అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

చాలామందికి దెబ్బ తగిలేది మాత్రం ఇక్కడ. స్ప్లిట్‌లో, ట్రోగిర్‌లో ఎక్కడ చూసినా "మోస్తార్ వన్ డే టూర్" బోర్డులు కనిపిస్తాయి. మోస్తార్ బోస్నియాలో ఉంది, షెంజెన్ కాదు. మాంటెనెగ్రోలోని కోటోర్ కూడా అంతే. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే, అటు వెళ్లిన మరుక్షణం ఆ ఎంట్రీ అయిపోయినట్టే. మీ సామానంతా ట్రోగిర్ గదిలో ఉంటుంది, మీరు సరిహద్దు అవతల ఉంటారు. టూర్ అమ్మేవాళ్లు మీ వీసా చూడరు, ఆ బాధ్యత మీదే. దుబ్రోవ్నిక్‌కి రోడ్డు మీద వెళ్లాలంటే ఒకప్పుడు బోస్నియా ముక్క దాటాల్సి వచ్చేది, 2022లో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఆ బాధ తప్పింది. కానీ బస్సు వంతెన మీదుగానే వెళ్తుందా అని అడిగి మరీ ఎక్కండి.

చెక్ చేసుకోవడం ఎలా: వీసా చేతికి రాగానే స్టిక్కర్ మీద మూడు చూడండి. ఎంట్రీల దగ్గర ఒకటి అని ఉందా, మల్టిపుల్ అని ఉందా. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఉండగలిగే రోజులెన్ని. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి, పది రోజుల వీసా అంటే తొమ్మిది రాత్రులే.

3. చేరుకోవడం

మన దేశం నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ లాంటి చోట మారి స్ప్లిట్ ఎయిర్‌పోర్టుకి రండి. లండన్ మీదుగా టికెట్ తీస్తుంటే ట్రాన్సిట్ వీసా అవసరమేమో ముందే చూసుకోండి, షెంజెన్ వీసా ఉంటే చాలనుకోవద్దు.

"స్ప్లిట్ ఎయిర్‌పోర్ట్" అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. అది స్ప్లిట్ కంటే ట్రోగిర్‌కే దగ్గర, ఆరు కిలోమీటర్లు. స్ప్లిట్ ఊరు అటువైపు ఇరవై కిలోమీటర్ల పైనే. కాబట్టి స్ప్లిట్ వెళ్లి మళ్లీ వెనక్కి రావద్దు. స్ప్లిట్‌కీ ట్రోగిర్‌కీ మధ్య తిరిగే 37 నంబర్ సిటీ బస్సు ఎయిర్‌పోర్ట్ మీదుగానే పోతుంది. ఎక్కేముందు డ్రైవర్‌ని "ట్రోగిర్?" అని అడగండి, ఎందుకంటే అదే నంబర్ అటూ వెళ్తుంది, ఇటూ వెళ్తుంది.

జర్మనీ నుంచి కారులో వచ్చేవాళ్లకి: మ్యూనిక్ నుంచి 850 కిలోమీటర్ల పైమాటే, ఒక్క రోజులో పిల్లలతో లాగొద్దు. ఆస్ట్రియాకి ఒకటి, స్లొవేనియాకి ఒకటి వినియెట్, అంటే హైవే వాడకానికి ముందే కట్టే రుసుము పాస్, కొనాలి. ఆస్ట్రియాలో కొన్ని సొరంగాలకి మళ్లీ వేరే టోల్ ఉంటుంది. క్రొయేషియాలో దూరాన్ని బట్టి టోల్. ఏ1 హైవే మీద ప్ర్‌గోమెట్ దగ్గర దిగితే ట్రోగిర్. పాత ఊళ్లోకి కార్లు రావు, ప్రధాన భూభాగం వైపున్న పార్కింగ్‌లో పెట్టి నడవాలి. సరిహద్దుల్లో ఇప్పుడు చెకింగ్ లేదని పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి రావద్దు, క్రొయేషియా నుంచి స్లొవేనియాలోకి తిరిగి వెళ్లేటప్పుడు ఆపి అడగొచ్చు.

ఇంకో పెద్ద పొరపాటు. మ్యాప్‌లో "మరీనా, ట్రోగిర్" అని కొట్టకండి. ట్రోగిర్‌కి పడమరగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో మరీనా అనే పేరుతో ఒక ఊరే ఉంది, అక్కడా పడవల రేవు ఉంది. పైగా ట్రోగిర్ చుట్టుపక్కల మరీనాలు ఒకటి కాదు: చియోవో ఒడ్డున ఏసీఐ, సెగెత్ డోన్యి దగ్గర బావోటిచ్, ఇంకా ఉన్నాయి. పడవ బుక్ చేసుకుంటే ఏ మరీనా, ఏ పాంటూన్ (పడవలు కట్టే తేలే వేదిక) అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

4. గది

పాత ఊళ్లో ఉంటే ఉదయం సాయంత్రం నడక బాగుంటుంది, కానీ ఇళ్లు శతాబ్దాల నాటివి, మెట్లు నిటారుగా ఇరుగ్గా ఉంటాయి, లిఫ్టు ఉండదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారంటే ఎన్నో అంతస్తు అని తప్పకుండా అడగండి. చక్రాల సూట్‌కేసు ఆ రాతి సందుల్లో లాగడం కూడా పనే. పెద్దవాళ్లుంటే చియోవో వైపు వంతెనకి దగ్గర్లో గది తీసుకోండి, నేనైతే అదే చెప్తాను. కాకపోతే "ట్రోగిర్" అని పెట్టిన ప్రకటనల్లో కొన్ని ఓక్రుగ్‌లోనో స్లాటినెలోనో ఉంటాయి, అంటే కొన్ని కిలోమీటర్ల అవతల. వంతెన దాకా నడక ఎంతో మ్యాప్‌లో కొలిచి చూడండి.

ఇంటివాళ్లు పాస్‌పోర్టులు అడుగుతారు. కంగారు పడొద్దు, వచ్చిన అతిథి పేరు ప్రభుత్వ సిస్టమ్‌లో ఎక్కించడం వాళ్లకి చట్టప్రకారం తప్పనిసరి. అడగకపోతేనే అనుమానించాలి, "మా పేర్లు నమోదు చేశారా" అని మీరే అడగండి.

5. తిండి

పప్పు, అన్నం, పెరుగు లేకుండా నాలుగు రోజులా అని టెన్షన్ పడేవాళ్లు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, కూరగాయలు అక్కడే దొరుకుతాయి. బస్‌స్టాండ్ దగ్గరే, వంతెనకి ఇవతల, పొద్దున్నే మార్కెట్ ఉంటుంది. జూన్‌లో చెర్రీలు, ఆగస్టు చివర అంజూరాలు, టమాటాలైతే మన నాటు టమాటాల్లా పుల్లతీపిగా ఉంటాయి. పెరుగు కొనేటప్పుడు జాగ్రత్త: మామూలుగా "యోగుర్త్" అని కొంటే తాగే పల్చటి రకం వస్తుంది. గట్టి పెరుగు కావాలంటే "చ్‌వ్ర్‌స్తి యోగుర్త్" అని అడగండి, దానితో పెరుగన్నం బ్రహ్మాండంగా కుదురుతుంది.

మన దేశం నుంచి పట్టుకెళ్లే వాటి విషయంలో ఈయూ నియమాలు గట్టివి. మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. తాజా కరివేపాకు, మామిడిపళ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ సీల్ చేసిన ప్యాకెట్లలో తీసుకెళ్లండి.

శాకాహారులకి బయట దొరికేవి: సోపార్నిక్ అని పల్చటి రెండు పొరల మధ్య బ్లిత్వా ఆకుకూర పెట్టి కాల్చి, పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి రాసే రొట్టె, ఇది దొరికితే వదలొద్దు. ఉడికించిన బ్లిత్వా, బంగాళాదుంపలు. చీజ్ బురెక్, అంటే పల్చటి పిండి పొరల మధ్య చీజ్ కూరి కాల్చినది. బురెక్ మాంసంతోనూ వస్తుంది, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, వేలు పెట్టి చూపించి కొనకుండా "బెజ్ మేసా" అంటే మాంసం లేకుండా అని చెప్పి తీసుకోండి. చేప కూడా వద్దంటే "బెజ్ రిబే" అని విడిగా చెప్పాలి, అక్కడ చాలామంది చేపని మాంసం కింద లెక్కేయరు. గొడ్డు మాంసం తిననివాళ్లు "గోవెదినా" అన్న మాట, పంది మాంసం తిననివాళ్లు "స్విన్యెతినా" అన్న మాట గుర్తుపెట్టుకుని మెనూలో వెతకండి. ఈ ప్రాంతంలో గొప్పగా చెప్పుకునే పష్టిత్సాదా అనే వంటకం గొడ్డు మాంసంతోనే చేస్తారు.

ఇక చేపలు తినేవాళ్లకి అసలు సంగతి. కొనోబాలో, అంటే అక్కడి ఊరి భోజనశాలలో, వెయిటర్ ఒక పళ్లెంలో మంచు మీద పచ్చి చేపలు పెట్టి మీ దగ్గరికి తెస్తాడు. కళ్లు నిగనిగలాడుతుంటాయి, మీరు ఒకటి చూపిస్తారు, ఆయన లోపలికి తీసుకుపోతాడు. మెనూలో ఉన్న ధర ప్లేటుకి కాదు, కిలోకి. ఉదాహరణకి కిలో 70 యూరోలనుకుంటే, కిలోంబావు చేపకి దాదాపు 88 యూరోలు. కాబట్టి లోపలికి పంపేముందే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో చెప్పించుకోండి. ఇది అడగడం అక్కడ తప్పు కాదు, స్థానికులూ అడుగుతారు. తక్కువలో కావాలంటే సార్డిన్ లాంటి "ప్లావా రిబా" తీసుకోండి, రుచిలో ఏమాత్రం తీసిపోదు.

కుళాయి నీళ్లు తాగొచ్చు. ఆదివారం మాత్రం ముందే ఆలోచించుకోండి: 2023 జూలై నుంచి దుకాణాలు ఏడాదిలో పదహారు ఆదివారాలే తెరవాలని చట్టం తెచ్చారు. శనివారమే సరుకులు తెచ్చి పెట్టుకోండి.

6. ఊరు చూడటం

పొద్దున ఏడున్నరకల్లా సెయింట్ లారెన్స్ కెథెడ్రల్ ముందుకి వెళ్లండి. లోపలికి అప్పుడే రానివ్వరు, అయినా మీరు చూడాల్సింది వాకిలే. రదోవాన్ అనే శిల్పి 1240లో చెక్కిన ద్వారం అది, పేరూ సంవత్సరమూ రాతి మీద లాటిన్‌లో ఉన్నాయి. రెండు పక్కలా సింహాల మీద ఆదాము, హవ్వ నిలబడి ఉంటారు. పైన అర్ధచంద్రంలో క్రీస్తు పుట్టుక, కింద పసిబిడ్డకి స్నానం పోస్తున్న దృశ్యం. హంపీ, లేపాక్షి స్తంభాల దగ్గర ఆగి చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడ అరగంట తేలిగ్గా గడిపేస్తారు. పదింటి తర్వాత వస్తే గైడ్ల గొడుగులు అడ్డమవుతాయి.

లోపలికి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. చున్నీ ఒకటి సంచిలో పెట్టుకుంటే చాలు. గంట గోపురం ఎక్కడానికి మెట్లు ఇరుకు, ఎత్తంటే భయమున్నవాళ్లు కిందే ఉండిపోండి.

సెయింట్ నికోలస్ కాన్వెంట్‌లో కాయిరోస్ శిల్పాన్ని చాలామంది వదిలేస్తారు, నాకు అది బాధగా ఉంటుంది. మంచి అదను అనేదానికి గ్రీకులు ఇచ్చిన రూపం: పరిగెత్తుతున్న కుర్రాడు, నుదుటి మీద జుట్టు, వెనక బోడి తల. ఎదురొచ్చినప్పుడే పట్టుకోవాలి, దాటిపోయాక పట్టు దొరకదు. శిల్పం చిన్నదే, క్రీస్తు పూర్వపుది. అక్కడ వేళలు తక్కువ, ముందురోజే తలుపు దగ్గర అడిగి వెళ్లండి.

సాయంత్రం రీవా చివరికి నడిస్తే వెనీస్ వాళ్లు 15వ శతాబ్దంలో కట్టిన కామెర్లెంగో కోట. జూన్‌లో ఎనిమిదిన్నర దాటాక గానీ పొద్దు గుంకదు, తొందరపడి వెళ్లి ఎండలో నిలబడొద్దు.

7. మరీనాలో, పడవ మీద

మరీనాలో నడిచి పడవలు చూడటానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, గేటు వేసి ఉన్న పాంటూన్ మీదికి మాత్రం వెళ్లొద్దు. ఎవరి పడవ మీదా, దాని నిచ్చెన పలక మీదా కాలు పెట్టకూడదు, తాళ్లు ముట్టుకోకూడదు. పడవ వెనక భాగంలో కూర్చుని భోంచేస్తున్నవాళ్ల ఫొటోలు తీయడం వాళ్లింట్లోకి తొంగిచూసినట్టే. పడవెక్కితే చెప్పులు విప్పాలి, ఇది మనకి చెప్పక్కర్లేదు. పిల్లలు పాంటూన్ మీద పరిగెత్తకుండా చూడండి, ఒడ్డు దగ్గరే లోతు ఎక్కువ. మరీనా నీళ్లలో ఈత కొట్టొద్దు.

పడవ మీరే నడపాలంటే గుర్తింపు ఉన్న స్కిప్పర్ (పడవ నడిపే మనిషి) లైసెన్సు, పడవలో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో వాడే సర్టిఫికెట్ కావాలి. కారు లైసెన్సు పనికిరాదు. లేకపోతే స్కిప్పర్‌ని పెట్టుకోవాలి, ఆయన రోజు ఫీజు కాక, పడుకోవడానికి చోటు, భోజనం కూడా మీదే. ఎనిమిది మందికి సరిపోయే పడవంటే స్కిప్పర్‌తో కలిపి ఎనిమిది, ఈ లెక్క చాలా కుటుంబాలు మర్చిపోతాయి. పడవ అప్పగించేటప్పుడు గీతలు, చిరిగిన తెరచాపలు, టాయ్‌లెట్ పంపు, లైఫ్ జాకెట్ల సంఖ్య అన్నీ చూసి ఫొటోలు తీసుకోండి, డిపాజిట్ తిరిగొచ్చేది వాటి మీదే.

అంత అక్కర్లేదనుకుంటే రోజు టూర్లున్నాయి. ద్ర్వెనిక్ వేలి పక్కనున్న బ్లూ లగూన్‌కి వెళ్లడం కుటుంబాలకి సరిపోతుంది. బిషెవో దీవి బ్లూ కేవ్ టూర్ మాత్రం స్పీడ్ బోటులో చాలాసేపు తెరిచిన సముద్రం మీద ఎగిరెగిరి పడుతూ సాగుతుంది. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

8. గాలి చూడటం నేర్చుకోండి

ఇక్కడ ప్లాన్లన్నీ తారుమారు చేసేది గాలి. మూడు పేర్లు చాలు. మాయెస్ట్రాల్: వేసవి మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి, ఇది మంచి వాతావరణానికి గుర్తు. యూగో: ఆగ్నేయం నుంచి, మబ్బు, ఉక్క, పెద్ద అలలు. బురా: ఈశాన్యం నుంచి కొండలు దిగి ఒక్కసారిగా విసిరికొట్టే చల్లటి పొడి గాలి. బురా రోజున ఆకాశం నీలంగా మెరిసిపోతుంటుంది, అందుకే కొత్తవాళ్లు మోసపోతారు.

బయల్దేరే ముందు క్రొయేషియా వాతావరణ శాఖ సూచన చూడండి, రీవా మీద పడవ కెప్టెన్‌ని కూడా అడగండి. ఆయన వద్దంటే బేరం ఆడొద్దు, డబ్బు వాపసు అడగండి. గాలి ఎక్కువైతే ముందు ఆగేది కటమరాన్‌లు, అంటే మనుషుల్ని మాత్రమే తీసుకెళ్లే వేగం పడవలు, కార్లెక్కే పెద్ద ఫెర్రీలు ఇంకొంతసేపు తిరుగుతాయి. తిరుగు ఫ్లైట్ ముందురోజు ఏ దీవికీ టికెట్ తీయొద్దు. అత్యవసరమైతే 112, సముద్రంలో ఆపదైతే 195.

9. ఈత, పక్క ఊళ్లు

సూర్యలంక, భీమిలి లాంటి ఇసుక తీరం ఊహించుకోవద్దు. ఇక్కడ గులకరాళ్లు, బండలు, కాంక్రీటు అరుగులు, నీళ్లలోకి దిగే ఇనుప నిచ్చెనలు. రాళ్లకి అర్చిన్‌లనే నల్లటి ముళ్ల సముద్ర జీవులు అంటుకుని ఉంటాయి, గుచ్చుకుంటే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది. రబ్బరు బూట్లు అందుకే. ఈత రానివాళ్లు ఓక్రుగ్ గోర్న్యి బీచ్‌కి వెళ్లండి, అక్కడ లోతు నెమ్మదిగా పెరుగుతుంది.

స్ప్లిట్‌కి 37 బస్సు, వేసవిలో పడవ కూడా. పడవే మేలు, ట్రాఫిక్ ఉండదు. క్ర్‌కా నేషనల్ పార్క్‌కి వెళ్తే స్క్రాదిన్‌స్కి బుక్ జలపాతం కింద జనం ఈదుతున్న పాత వీడియోలు చూసి ఈత బట్టలు సర్దుకోకండి, 2021 నుంచి అక్కడ ఈత నిషేధం.

10. తిరుగు రోజు

2025 అక్టోబర్ 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, క్యూలు పెరిగాయి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తుంటే షెంజెన్ నుంచి మీ ఎగ్జిట్ చెకింగ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరుగుతుంది, అక్కడ ఫ్లైట్ మారడానికి గంట చాలదు, రెండు గంటల పైనే ఉండేలా టికెట్ తీయండి. లండన్ లేదా గల్ఫ్ మీదుగా అయితే స్ప్లిట్‌లోనే ఎగ్జిట్, అక్కడే ముందుగా చేరుకోవాలి. ఏటీఎంలో చివరిసారి డబ్బు తీసేటప్పుడు స్క్రీన్ మీద "రూపాయల్లో చెల్లిస్తారా" అని అడిగితే వద్దు అని నొక్కి యూరోలే ఎంచుకోండి, వాళ్ల రేటు మీ బ్యాంకు రేటు కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే.